మా తోడల్లుడు ఫ్రీగా చూసిపెడతాడు

జనవరి 22

ప్రెస్సు షట్టర్ సగమే ఎత్తాను, అప్పటికే ఎస్తర్ రాణి వచ్చి నిలబడింది. ఆర్టీసీ కాంప్లెక్స్ వెనకాల కంప్యూటర్ రిపేరు షాపు ఆవిడది. విజిటింగ్ కార్డులకేమో, మంచి బోణీ అనుకుని కుర్చీ జరిపాను. తీరా చూస్తే ఆవిడే నా దగ్గర బోణీ చేద్దామని వచ్చింది. మా కంప్యూటర్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టం పాతబడిపోయిందట. తయారుచేసినవాళ్లు దాన్ని పట్టించుకోవడం మానేశారట. ఏడాదికి ఇంత అని కడితే కొత్తది వేసి, నెలనెలా చూసి, ఫైళ్లన్నిటికీ నకలు తీసి తన దగ్గర దాస్తుందట.

"ఫ్యాను కొన్నాం. అది తిరగడానికి ఏటేటా మళ్లీ డబ్బులు కడతన్నామేటమ్మా?" అన్నాను.

"ఫ్యానుకి వైరస్ పట్టదు కదండీ."

మాటకారి మనిషి. నేనేం తక్కువ తినలేదు. "మా తోడల్లుడు వైజాగులో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. అక్కడ కుర్చీలో కూర్చునే ఇక్కడ మా సిస్టంలోకి దూరిపోతాడు. మౌసు దానంతటదే తిరుగుద్ది. ఎప్పుడైనా సూసేవా అలాటిది?"

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది. "సూసేనండి" అంది. "ఓపాలి ఆయనతో మాటాడండి" అని వెళ్లిపోయింది.

మా సిస్టంలో ఏ వెర్షను ఉందో, ఎంత మెమరీ ఉందో ఆవిడ చూడకుండానే చెప్పేసింది. అమ్ముకునేవాళ్లు అంతే, చీకట్లో రాయి వేస్తారు. ఒక్కోసారి తగులుతుంది.

జనవరి 23

నేను పిసినారినని కాదు. ఈ మాట రాసుకోవాలి, ఎందుకంటే నిన్న ఆవిడ వెళ్లాక అప్పలలక్ష్మి నా వైపు అలాంటి చూపే చూసింది. శుభలేఖలు టైపు చేసేదీ, డిజైన్ చేసేదీ నా భార్యే. కంప్యూటర్ ముందు రోజంతా కూర్చునే మనిషి కాబట్టి దాని మీద కాస్త ప్రేమ ఉంటుంది.

కాని ఇది డబ్బు సంగతి కాదు, బంధుత్వం సంగతి. ఇంట్లో ధర్మతేజ లాంటి మనిషిని పెట్టుకుని బయటివాళ్ల చేత సిస్టం ముట్టించామని తెలిస్తే మావగారు ఏమనుకుంటారు? ధర్మతేజ మా మరదలు సాయిలక్ష్మి మొగుడు. నాలుగేళ్ల కిందట, పెళ్లయిన కొత్తలో దసరాకి వచ్చినప్పుడు అతన్ని నేనే ప్రెస్సుకి తీసుకొచ్చి, పాడైపోయిన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. "సాఫ్ట్‌వేర్ అంటన్నారు కదా, సూడు" అన్నాను. మావగారు, అత్తగారు, వెంట వచ్చిన చుట్టాలు చుట్టూ మూగారు. కొత్త అల్లుడు చెమటలు తుడుచుకుంటూ, "ఇక్కడ నా సామాన్లు లేవన్నయ్యా. వైజాగ్ వెళ్లి అక్కణ్ణించి చేస్తాను" అన్నాడు. అన్నట్టే మర్నాడు ఫోన్ చేసి ఏదో నొక్కమన్నాడు, నొక్కాం. మౌసు కదిలింది. అప్పలలక్ష్మి హారతి పళ్లెం తేలేదు గాని, ఇంచుమించు అంత పనీ అయింది.

అప్పట్నించీ ఏ ఇబ్బంది వచ్చినా ఒక్క ఫోను. "మీటింగ్‌లో ఉన్నానన్నయ్యా, కాసేపట్లో కనెక్టవుతాను" అంటాడు. అవుతాడు. నేను రూపాయి ఇవ్వలేదు. ఇస్తే అతనికి అవమానం, అతను తీసుకుంటే నాకు అవమానం. వేసవిలో మాత్రం మా తోట జీడిపప్పు డబ్బా నిండా పంపిస్తాను. బద్దలే అనుకోండి. రుచిలో తేడా ఏముంటుంది?

ఒక్కటే బాధ. కృష్ణదేవిపేటలో మావగారింట కోడికూర వండితే కందనకాయ అతని విస్తట్లో పడుతుంది. పెద్దల్లుణ్ణి నేను.

జనవరి 26

ఇవాళ సిస్టం తెరుచుకునేలోపు టీ తాగి వచ్చాను. చలి కదా, దానికీ బద్ధకంగా ఉంటుంది.

జనవరి 30

అప్పలలక్ష్మి చెల్లెలికి బియ్యం, కందిపప్పు మూట కట్టి బస్సులో పంపింది. ఈ మధ్య ఇది మామూలైపోయింది. లక్షల జీతాలు తీసుకునే ఇంట్లో కూడా మన పొలం బియ్యమే రుచి. మనుషులు ఎంత ఎదిగినా మూలాలు మరిచిపోరు. నాకు ముచ్చటేసింది.

ఫిబ్రవరి 2

శుక్ర మూఢం వెళ్లిపోతోంది. నవంబరు ఆఖరు నుంచి ఒక్క ముహూర్తం లేదు. ప్రెస్సులో ఈగలు తోలుకున్నాం. ఆగిపోయిన పెళ్లిళ్లన్నీ ఇప్పుడు ఒక్కసారిగా మీద పడ్డాయి. ఖాళీ నెలల్లో అద్దెకీ కాగితానికీ అయినదంతా ఈ సీజన్లోనే పూడాలి. ఇది పోతే ప్రెస్సు షట్టర్ దించుకోవడమే.

మాకవరపాలెం చెరకు రైతు చిట్టిరాజు గారు కొడుకు శుభలేఖ పని తెచ్చారు. వాళ్లింట్లో ఏ శుభకార్యం అయినా కార్డు మాదే. ఆయన ఒక్క షరతే పెట్టారు.

"ఆహ్వానించువారు కింద పేర్లున్నాయి సూడు కొండబాబూ, మా పెద్దమ్మాయి పెళ్లికి ఏసిన వరసే ఉండాల. ఎవరి పేరు కిందికి దిగినా పెళ్లికి రారు. ఆ వరస కుదరడానికి మాకు మూడు పంచాయితీలయ్యేయి."

పెద్దమ్మాయి శుభలేఖ వాళ్ల దగ్గర ఒక్కటీ మిగల్లేదట, అన్నీ పంచేశారట. "మీ కంప్యూటర్లో ఉంటాది కదా" అన్నారు. ఉండకేం, ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఏ ఇంట్లో ఎవరి పేరు ఎవరి పైన ఉండాలో అంతా మా సిస్టంలోనే ఉంది. పన్నెండో తారీకుకి ప్రూఫు చూపిస్తానన్నాను.

ఫిబ్రవరి 4

టీ కొట్టు దగ్గర మెడికల్ షాపు రమేష్‌బాబు అడిగాడు, కంప్యూటర్లకి డబ్బు కట్టి సపోర్టు పెట్టుకోవాలా అక్కర్లేదా అని. "చుట్టాల్లో ఒక సాఫ్ట్‌వేర్ లేనోడు కట్టాల" అన్నాను. అంతా నవ్వారు. రమేష్‌బాబు ఈ ఏడాది నుంచి కట్టడం మానేస్తానన్నాడు. నలుగురికి పనికొచ్చే మాట చెప్పిన తృప్తి కలిగింది.

ఫిబ్రవరి 7

ఇవాళ ప్రెస్సు పని ఆగిపోయింది.

పెళ్లికొడుకు ఫొటో ఉందని ఎవరో పెన్‌డ్రైవ్ ఇచ్చారు. పెట్టాం. మధ్యాహ్నానికి ఫైళ్లన్నీ తెల్లబోయాయి. ఏది నొక్కినా తెరవదు. తెర మీద ఎర్రగా ఇంగ్లీషులో ఏదో వచ్చింది. అప్పలలక్ష్మి కూడబలుక్కుని చదివింది. మీ ఫైళ్లకి తాళం వేశాం, డబ్బు కడితేనే తీస్తాం అని ఉందట. పోనీ ఊళ్లో రౌడీలైతే ఎవరో ఒకరి చేత చెప్పించుకుంటాం. వీళ్లెవరో, ఏ దేశమో!

ధర్మతేజకి ఫోను మీద ఫోను చేశాను. చివరికి ఎత్తాడు.

"బయట ఉన్నానన్నయ్యా. ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి."

"అలా సేస్తే బాగవుద్దేటి?"

"అవ్వొచ్చన్నయ్యా."

ఆపి పెట్టాం. మళ్లీ అదే ఎరుపు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. అంతకుముందు మాట్లాడినప్పుడు అతని వెనకాల బస్టాండు కేకలు వినిపించాయి. ఆఫీసు ఏసీ గదిలో ఉండాల్సిన మనిషికి బస్టాండులో ఏం పని? నా ఫోను తప్పించుకోవడానికే బయటికి వచ్చి ఉంటాడు.

ఫిబ్రవరి 8

మావగారింట సత్యనారాయణ వ్రతం. బండి మీద వెళ్లాం. ధర్మతేజ వాళ్లు అప్పటికే వచ్చి ఉన్నారు. అతను కాస్త చిక్కినట్టున్నాడు. జిమ్ అనుకుంటాను.

ప్రసాదం తీసుకున్నాక మావగారు చుట్టాలకి అతన్ని పరిచయం చేస్తున్నారు, "మా చిన్నల్లుడు, సాఫ్ట్‌వేరు" అని. నాకు ఆగలేదు. "సాఫ్ట్‌వేరే! ఇక్కడ నా ప్రెస్సు మూతపడిపోతంది, ఒక్కపాలి సూడమంటే ఫోనెత్తడు. మనవంటే లెక్కేటి? జీతం ఎక్కువైపోనాది" అన్నాను. అంతా వినేలాగే అన్నాను.

ధర్మతేజ తల దించుకున్నాడు. సాయిలక్ష్మి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పలలక్ష్మి ఆమె వెనకే వెళ్లింది. మావగారు నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద మా ఆవిడ నా భుజం పట్టుకోలేదు. వెనక కమ్మీ పట్టుకుని కూర్చుంది.

ఫిబ్రవరి 9

నేనన్నదాంట్లో తప్పేముంది? తప్పు చేసినవాడే కదా తల దించుకుంటాడు.

ఇవాళ ఇంకొకటి తట్టింది. వైరస్ వస్తుందని ముందే చెప్పింది ఎవరు? ఎస్తర్ రాణి. మా సిస్టంలో ఏముందో తెలిసింది ఎవరికి? ఎస్తర్ రాణికే. డబ్బు కట్టనన్నానని కక్ష కట్టింది. ఇంత చిన్న సంగతి ఇన్ని రోజులు తట్టలేదు చూడు.

ఫిబ్రవరి 10

ఆవిడ షాపుకి వెళ్లి అడిగేశాను. అక్కడ వేరే మనుషులు ఉన్నారు, అయినా గొంతు తగ్గించలేదు.

ఆవిడ చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టింది. "మాట తిన్నగా రానీండి కొండబాబు గారూ. నాలుగేళ్ల బట్టీ మీ సిస్టం సూస్తన్నది నేనే. నా సేతులారా నేనే పాడుసేసుకుంటానేటి?"

"మా తోడల్లుడు సూస్తన్నాడు."

"మీరు ఆయనకి ఫోన్ సేస్తారు, ఆయన నాకు సేస్తారు. నేనిక్కణ్ణించి మీ మౌసు తిప్పుతాను. ఏటేటా ఆయనే డబ్బులు ఏసేవోరు. ఆయన ఉజ్జోగం సాఫ్ట్‌వేర్ కంపెనీలోనే గాని, కంప్యూటర్లు బాగుసేసేది కాదండీ. అక్కడోళ్ల సెలవులు, జీతాలు సూసుకునే పని."

నేను నవ్వబోయాను. ఆవిడ మొహం చూసి ఆగాను.

"దీపావళికి ఆ ఉజ్జోగవూ పోయింది. 'ఇంక నేను కట్టలేనమ్మా, మీరే ఎల్లి అన్నయ్యగారిని అడగండి, నా సంగతి మటుకు సెప్పకండి' అన్నారు. అందుకే వచ్చేను. మీరు నాకు మౌసు కథ సెప్పి పంపేసినారు. ఈ ముక్క నా నోటితో సెప్పకూడదనుకున్నాను. మీరు నన్ను దొంగని సేస్తే మరెలా ఊరుకుంటాను?"

ఆవిడ షాపులో ఉన్న ఒకే ఒక్క స్టూలు మీద కూర్చున్నాను. అది ఎవరో లేచి ఇచ్చింది, ఆయన నిలబడే ఉన్నాడు.

బస్టాండు. బియ్యం. జిమ్.

ఫిబ్రవరి 11

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

ఫిబ్రవరి 12

పొద్దున్నే అప్పలలక్ష్మిని అడిగాను. "నీకు తెలుసా?"

"దీపావళి నుంచీ తెలుసు."

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే ఏటి సేద్దురు?" అంది. నేను ఆలోచిస్తుంటే తనే జవాబూ చెప్పింది. "నవ్వుదురు."

కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. నవ్వేవాణ్ణే. ముందు అయ్యో పాపం అనేవాణ్ణి, తరవాత స్నానాల గదిలో తలుపేసుకుని నవ్వుకునేవాణ్ణి. ఇక నుంచి కందనకాయ నా విస్తట్లో పడుతుందని లెక్క కట్టుకునేవాణ్ణి. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి నేనింత బాగా తెలుసా అని సిగ్గేసింది. తన చెల్లెలి ఇంట్లో పొయ్యి వెలగని సంగతి నాకు చెప్పుకోలేని ఇల్లు చేశాను నేను.

ఎస్తర్ రాణి ప్రెస్సుకి వచ్చి పాతదంతా తుడిచేసి కొత్త సిస్టం వేసింది. ఆ తాళం ఎవరూ తీయలేరట, డబ్బు కట్టినా నమ్మకం లేదట. కాని ధర్మతేజ కట్టినన్నాళ్లు ఆవిడ నెలనెలా నకళ్లు తీసి ఉంచింది. అక్టోబరు వరకు ఉన్నాయి. ఆ తరవాతవే పోయాయి. ఆ తరవాత మూఢం, పోవడానికి మా దగ్గర పెద్దగా ఏమీ లేదు. నా వ్యాపారాన్ని కాపాడింది ఉద్యోగం పోయిన మనిషి జీతమూ, ఆకాశంలో శుక్రుడూ. ఇందులో నేను చేసిందేమిటో ఎంత వెతికినా దొరకలేదు.

చిట్టిరాజు గారి పెద్దమ్మాయి కార్డు దొరికింది. సాయంత్రం ఆయన వచ్చి ప్రూఫు మీద వేలు పెట్టుకుంటూ ఒక్కో పేరూ చదివారు. "వరస కుదిరింది" అన్నారు. అప్పలలక్ష్మి లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

ఎస్తర్ రాణికి ఏడాదికీ కట్టేశాను. అన్న మాటలకి తప్పయిపోయిందమ్మా అన్నాను. ఎంత కట్టానో ఇక్కడ రాయను. నేను పిసినారినని కాదు, రాస్తే రోజూ తీసి చూసుకుంటాను.

ఫిబ్రవరి 16

ధర్మతేజకి ఏ మొహంతో ఫోన్ చెయ్యను? చేస్తే ఉద్యోగం సంగతి నాకు తెలిసిపోయిందని అతనికి తెలిసిపోతుంది. నలుగురిలో అన్న మాటని నలుగురిలోనే సర్దుకోవాలి. ఆలోచించి ఆలోచించి మావగారికి చేశాను.

"మావయ్యా, ధర్మతేజ సిస్టం బాగుసేసేసినాడు. రెండ్రోజులు కూర్చుని మరీ సేసేడు. మొన్న నేను నోరు జారేను. తప్పు నాదే."

ఇంత మంచి అబద్ధం నా జన్మలో ఆడలేదు. గుండె తేలికపడింది.

"నేననుకున్నాను లెండి" అన్నారు మావగారు. "ఆ బాబు ఎదురు మాట ఆడలేదంటేనే తెలస్తాది ఎంత పనిమంతుడో. మీకూ కొంచెం ఆ ఓర్పుంటే బాగుణ్ణు. అన్నట్టు మా ఊరి రైతు సొసైటీలో కంప్యూటర్ మొరాయిస్తంది. మా అల్లుడు ఫ్రీగా సూసిపెడతాడని ఇప్పుడే సెప్పేస్తాను."

"వద్దు మావయ్యా" అనేలోపు పెట్టేశారు.

ఫిబ్రవరి 17

రమేష్‌బాబు మెడికల్ షాపులో సిస్టం ఆగిపోయిందట. మా తోడల్లుడి నంబరు అడిగాడు. దొరకడం లేదని చెప్పాను.

ఫిబ్రవరి 20

ధర్మతేజ ప్రెస్సుకి వచ్చాడు. కృష్ణదేవిపేట నుంచి షేర్ ఆటోలో దిగాడు. మొహం ఎండకి నల్లబడింది. నేను లేచి నిలబడ్డాను. అతని ముందు నేనెప్పుడూ లేవలేదు.

"సొసైటీ కంప్యూటర్ చూడమని మావయ్య ఫోన్ చేశారన్నయ్యా. రాణి గారిని అడిగితే జరిగిందంతా చెప్పారు. మీరు నా కోసం అబద్ధం ఆడకండి. నాలుగేళ్లు ఆడాను, అదెంత కష్టమో నాకు తెలుసు. ఫోన్ మోగితే అన్నం దిగేది కాదు. ఇప్పుడు మావయ్య దగ్గరికెళ్లి అంతా చెప్పేసే వస్తున్నాను."

"ఏటన్నారు?"

"కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత, 'అయితే కొండబాబు కంప్యూటర్ ఎవరు బాగుసేసినారు?' అన్నారు. డబ్బులిచ్చి చేయించుకున్నారని చెప్పాను. 'డబ్బులా? కొండబాబా?' అని కుర్చీలో వెనక్కి వాలిపోయారు."

నా ఉదారత విని మావగారికి తగిలినంత దెబ్బ, అల్లుడి ఉద్యోగం పోయినందుకు తగలలేదు. ఇద్దరం నవ్వాం. ముందు అతను నవ్వాడు, అందుకే నేను నవ్వగలిగాను. ఆ తరవాత చెప్పాను. "తప్పు నాది తమ్ముడూ. ఆ రోజు అంతమందిలో నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నేనే. మొన్న అంతమందిలో తల దించుకునేలా సేసిందీ నేనే."

అతను బల్ల మీద కార్డుల కట్టలు చూసి, "ఇవి ఎవరివి?" అన్నాడు. చొక్కా చేతులు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఎక్కడైనా ఉద్యోగం దొరికేదాకా సీజనుకి సాయం ఉంటానన్నాడు. జీతం ఇస్తానన్నాను. వద్దంటాడేమోనని ఒక క్షణం ఆశపడ్డాను. వద్దనలేదు.

మార్చి 4

పొద్దున్నుంచి కార్డులకి పార్టీలు వస్తూనే ఉన్నారు. పాయకరావుపేట నుంచి కూడా ఒకరొచ్చారు. కార్డు సగం టైపయ్యాక తెలుగు అక్షరాలన్నీ డబ్బాలైపోయాయి. పాత ఫాంట్లకీ కొత్త సిస్టానికీ పడటం లేదో ఏమిటో. పార్టీ ఎదురుగానే కూర్చుని ఉన్నారు. నాకు కంగారు పుట్టి, పాత అలవాటు కొద్దీ, "ధర్మతేజా, ఓపాలి సూడు" అనేశాను.

అన్నాక నాలిక కరుచుకున్నాను. అప్పలలక్ష్మి కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది.

ధర్మతేజ వచ్చి తెర ముందు వంగి చూశాడు. పార్టీ కూడా అతని వైపే చూస్తున్నారు, ఇస్త్రీ చొక్కా చూసి ఇంజినీరే అనుకున్నారు. అతను నిటారుగా నిలబడి ఫోన్ తీసి ఎస్తర్ రాణికి చేశాడు.

"రాణి గారూ, అక్షరాలు డబ్బాలు వస్తున్నాయి. లేదండీ, నాకేమీ తెలీదు. అసలేమీ తెలీదు. మీరే బేగి రండి."

పక్క కొట్టుకి కూడా వినపడేలా అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో ఉన్న హాయి అతని పెళ్లిలో కూడా నేను చూడలేదు. పార్టీ తట్టుకోలేక, "మరి మీరేటి సేస్తారండీ ఇక్కడ?" అని అడిగారు.

"కార్డులు మడతపెడతానండీ" అన్నాడు.

ఎస్తర్ రాణి వచ్చేదాకా బల్లకి ఇటు నేను, అటు అతను కూర్చుని మడతపెట్టాం. అతని మడత నా మడతకంటే తిన్నగా వస్తోంది.